పొడిగది అక్క

తల తడిగా ఉంటే ఆ గదిలోకి రానివ్వరు. స్నానం చేసి జుట్టు ఆరకుండా వచ్చినవాళ్ళని, వానలో తడిసినవాళ్ళని, జలుబుతో ముక్కు చీదుతున్నవాళ్ళని, ఇంట్లో ఎవరితోనో పోట్లాడి కళ్ళు తుడుచుకుంటూ వచ్చినవాళ్ళని, అందరినీ ఆవిడ గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. "వెళ్ళి టీ తాగి, కాసేపు ఎండలో కూర్చుని రా. నీ బాధ నాకు అర్థమవుతుంది గానీ స్ఫటికానికి అర్థం కాదు," అంటుంది. వెటకారంగా కాదు, ఉన్నమాటే చెబుతుంది. ఆ గదిలో గాలి ఎప్పుడూ పొడిగా ఉండాలి. గోడ మీద తేమ కొలిచే ముల్లు ఒకటుంటుంది. ఇద్దరు ముగ్గురు లోపల నిలబడి కబుర్లు చెప్పుకుంటే చాలు, వాళ్ళ ఊపిరికే ఆ ముల్లు కదులుతుంది. దాన్ని కదలనివ్వకపోవడమే ఆవిడ ఉద్యోగంలో సగం. తక్కిన సగం స్ఫటికాలకి మెరుగు పెట్టడం. ప్రయోగశాలలో చిన్నవాళ్ళంతా ఆవిడని పొడిగది అక్క అని పిలిచేది అందుకే.

అక్కడ తయారయ్యేది సంచుల్లో దాచిన పేలుడు మందుని కనిపెట్టే యంత్రం. చూడటానికి మామూలు ఇనప బీరువాలాగే ఉంటుంది, కాకపోతే ముగ్గురు మనుషులు పట్టేంత పెద్దది. సంచిని అందులో పెట్టి తలుపు వేసి, అందరూ మందపాటి గోడ వెనక్కి వెళ్ళిపోయాక, ఒక గొట్టం నుంచి న్యూట్రాన్లు సంచి మీద పడతాయి. సంచిలో ఉన్న ప్రతి పదార్థమూ తన పద్ధతిలో వాటికి జవాబిస్తుంది. ఆ జవాబు గామా కిరణం. మన కంటికి కనపడదు. పేలుడు మందుల్లో నత్రజని ఎక్కువ, కాబట్టి నత్రజని నుంచి గట్టిగా జవాబొస్తే ఆ సంచిని అనుమానించాలి. కిరణాన్ని పట్టుకునేది స్ఫటికం. కిరణం తగలగానే అందులో చిటికెడు వెలుగు పుట్టి ఆరిపోతుంది, ఆ వెలుగుని బట్టి వచ్చింది ఎవరో లెక్క కడతారు. స్ఫటికం నీళ్ళంత తేటగా ఉన్నన్నాళ్ళూ ఏ పేచీ లేదు. కాస్త తేమ తగిలిందా, పచ్చబడి, పొర కమ్మిన కన్నులా తయారవుతుంది. ఇక అది చెప్పేది నమ్మడానికి లేదు.

ఆవిడకి ఆ ఉద్యోగం వచ్చింది చదువుని బట్టి కాదు, చేతుల్ని బట్టి. చిన్నప్పుడు వాళ్ళమ్మ ఆ చేతులు పట్టుకుని, "ఇవేం చేతులే తల్లీ, చెక్కముక్కల్లా ఉన్నాయి," అని తెగ బాధపడిపోయేది. ఎండాకాలంలో కూడా ఆ అరచేతులకి చెమట పట్టదు. ప్రయోగశాల పెద్దాయన ఉద్యోగానికి వచ్చినవాళ్ళందరినీ ఒక గాజు పలక మీద అరచెయ్యి ఆనించి తియ్యమన్నాడు. మిగతావాళ్ళ చేతుల కింద గాజు మసకబారింది. ఈవిడ చెయ్యి తీస్తే గాజు గాజులాగే ఉంది. పెద్దాయన కళ్ళజోడు పైకెత్తి ఆ పలకని చూసి, "రేపు పొద్దున్నే వచ్చెయ్యమ్మా," అన్నాడు. మెరుగు పెట్టడం, స్ఫటికాన్ని గాలి చొరబడకుండా డబ్బాలో బిగించడం, అన్నీ దగ్గర కూర్చోబెట్టుకుని ఆయనే నేర్పాడు. గురువంటే ఇప్పటికీ ఆవిడకి ఆయనే.

ఆవిడకి ఒక్కడే అన్నయ్య. నాన్న పోయాక చదువు మానేసి, చెల్లెలి చదువు మాననివ్వకుండా చూసినవాడు. స్టేషను గేటు దగ్గర కాపలా ఉద్యోగం చేసేవాడు. వచ్చేపోయేవాళ్ళ సంచులు విప్పించి, చెయ్యి పెట్టి తడిమి చూసి, లోపలికి పంపించడం ఆయన పని. సరదా మనిషి. సంచిలో ఉన్నవాటిని బట్టి ఆ ఇంటి గుట్టంతా చెప్పేసేవాడు. "అల్లుడి మీద అలిగి వెళ్తోంది పెద్దావిడ, తన చెంచా కూడా వదల్లేదు," అని ఇంటికొచ్చి చెబితే వదిన నవ్వలేక చచ్చేది. చెల్లెలు చేసే పని గురించి విన్నప్పుడల్లా, "చిట్టీ, నీ బీరువా తొందరగా పూర్తి చెయ్యకమ్మా. అదొస్తే నేను ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలి," అని ఏడిపించేవాడు.

బీరువా పూర్తి కాకముందే ఆయన ఇంట్లో కూర్చున్నాడు.

ఒకరోజు సాయంత్రం స్టేషను హాల్లో ఒక సంచి పేలింది. రైలు కోసం ఎదురుచూస్తూ బల్లల మీద కూర్చున్నవాళ్ళు కూర్చున్నచోటే పోయారు. గేటు దగ్గరున్న అన్నయ్యకి ఒక చెవి పోయింది, భుజంలో గాజుముక్కలు దిగాయి. ఆ సంచి ఆయన గేటు నుంచే వెళ్ళింది. ఆయనే విప్పాడు, ఆయనే చూశాడు, ఆయనే మూశాడు. లోపలేముందని విచారణకి వచ్చినవాళ్ళు అడిగితే, "బట్టలు, దుప్పటి," అన్నాడు. అంతకుమించి ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆయన తప్పేమీ లేదని వాళ్ళే తేల్చేశారు. ఆస్పత్రి మంచం పక్కన కూర్చుని చెల్లెలు ఆయన బాగున్న చెవిలో అదే మాట చెప్పింది. "నీ చోట ఎవరున్నా కనిపెట్టలేరు అన్నయ్యా." వదిన చెప్పింది, పక్కింటివాళ్ళు చెప్పారు, పాత ఉద్యోగంలో స్నేహితులు వచ్చి మరీ చెప్పి వెళ్ళారు. ఆయన గోడవైపు తిరిగి పడుకునేవాడు.

పేలుడు జరిగిన మర్నాడు పొద్దున చెల్లెలు ఆస్పత్రి నుంచి నేరుగా పనికి వచ్చింది. పెద్దాయన గుమ్మం దగ్గర అడ్డంగా నిలబడి, "ఇవాళ వద్దమ్మా, ఇంటికెళ్ళు," అన్నాడు. ఆవిడ మొహం పైకెత్తింది. "చూసుకోండి సార్, నా కళ్ళు పొడిగానే ఉన్నాయి," అంది. నిజంగానే పొడిగా ఉన్నాయి. ఆయన పక్కకి తప్పుకున్నాడు. అన్న అలా పడి ఉంటే ఈవిడ ఇక్కడ గాజుముక్కలు తుడుచుకుంటోందని వెనకాల గుసగుసలాడుకున్నారు కొందరు. అనేవాళ్ళకేం పోయింది, నోటికి తాళమా చెవా. ఏడిస్తే ఆ గదిలోకి వెళ్ళడానికి ఉండదు. వెళ్ళకపోతే పని ఆగిపోతుంది. ఆ సంచిని పట్టే యంత్రం చేసి అన్నయ్య ముందు పెట్టాలని ఆ రాత్రి మంచం పక్కన కూర్చున్నప్పుడే ఆవిడ గట్టిగా అనుకుంది. ఆ ఒక్కటీ తప్ప ఆవిడకి ఇంకేదీ పట్టలేదు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి కన్నీళ్ళ వల్ల ఆ గుమ్మం దగ్గర ఆగిపోయిన రోజు ఆవిడకి ఒక్కటీ రాలేదు.

అన్నయ్య గాయాలు మానాయి గానీ మనిషి మానలేదు. మళ్ళీ ఉద్యోగానికి పోలేదు. వదిన ముందుగదిలో కుట్టుమిషన్ పెట్టుకుని ఇల్లు నడుపుకొచ్చింది. ఆయన గుండీలు కుట్టేవాడు, కాజాలు తీసేవాడు, ఇల్లు ఊడ్చేవాడు, ఏ పనికీ కాదనేవాడు కాదు. ఒక్క సంచి మాత్రం ముట్టుకునేవాడు కాదు. వదిన బజారు నుంచి రెండు చేతులా బరువు మోసుకుంటూ రొప్పుతూ వస్తే తలుపు తీసి పక్కకి నిలబడేవాడు. అంతే. మొదట్లో వదినకి ఒళ్ళు మండిపోయేది. తర్వాత అర్థమయ్యాక ఆవిడే సంచులు గుమ్మం బయట కుమ్మరించి, సామాన్లు ఒక్కొక్కటీ చేతికందించడం మొదలుపెట్టింది.

ఇలా ఉండగా యంత్రం ఒక రూపానికి వచ్చింది. చలికాలంలో ఒక పార్సిల్ ఆఫీసులో పెట్టి చూశారు. తల తీసేసినట్టయింది అందరికీ. ఏ మూట పెట్టినా ఎర్రదీపం వెలిగింది. ఉన్ని దుప్పటి పెడితే ఎరుపు, స్వెటర్లు పెడితే ఎరుపు, తోలు చెప్పులు పెడితే ఎరుపు. ఉన్నిలోనూ తోలులోనూ కూడా నత్రజని ఉంటుంది మరి. పార్సిల్ ఆఫీసు గుమాస్తా రెండురోజులు ఓపికపట్టి, "మీ బీరువాకి చలేస్తున్నట్టుందండీ, దుప్పటి కనపడితే చాలు అరుస్తోంది," అన్నాడు.

దానికి ఉపాయం చెప్పింది పొడిగది అక్కే. మందు ఎక్కడైనా ఒకచోట ముద్దగా ఉంటుంది. ఉన్ని సంచంతా పరుచుకుని ఉంటుంది. కాబట్టి నత్రజని ముద్దగా కనిపిస్తే పట్టుకోమని, పలచగా పరుచుకుని ఉంటే ఉన్ని అనుకుని వదిలెయ్యమని యంత్రానికి నేర్పితే సరి. పెద్దాయనకి నచ్చింది. లెక్కలు కట్టేవాళ్ళు తలలూపారు. ఆవిడ వదిన పెట్టెలోని దుప్పట్లన్నీ మోసుకొచ్చి ఇచ్చింది. వాటిని మడతపెట్టి, చుట్టి, కుక్కి, రకరకాలుగా బీరువాలో పెట్టి యంత్రానికి ఉన్నిని నేర్పించారు. ఎర్రదీపం నోరు మూసుకుంది. నత్రజని ఎక్కువగా ఉండే తెల్లపొడి ఒకటుంది, నిజం మందు కాదు గానీ యంత్రం కంటికి మందులాగే కనపడుతుంది. దాన్ని అక్కడ ఉత్తుత్తి మందు అంటారు. ఆ పొడి పొట్లం ఎక్కడ దాచినా ఠక్కున పట్టేసింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. పైవాళ్ళు వచ్చి చూసి యంత్రాన్ని తీసుకునే తేదీ కూడా ఖాయమైంది.

ఆ ఆదివారం దుప్పట్లు తిరిగి ఇవ్వడానికి అన్నయ్య ఇంటికి వెళ్ళింది. చాలాకాలం తర్వాత ఆవిడ మొహంలో కళ ఉంది.

"నా దుప్పట్లు చదువుకుని వచ్చాయన్నమాట," అంది వదిన వాటిని తడిమి చూస్తూ.

"మామూలు చదువా వదినా. ఇవి లేకపోతే మా బీరువా ఇంకా అరుస్తూనే ఉండేది."

అన్నయ్య కాజా తీస్తూ బాగున్న చెవి ఇటు తిప్పి విన్నాడు. ఉన్నిని ఎలా వదిలించిందీ ఆవిడ పూసగుచ్చినట్టు చెబుతోంది. సూది ఆగిపోయింది.

"పలచగా పరిచి ఉంటే వదిలేస్తుందా?" అని అడిగాడు.

"వదిలేస్తుంది. అది ఉన్ని కదా."

"ముద్దగా ఉంటేనే పట్టుకుంటుంది."

"ఆఁ."

ఆయన చేతిలో గుడ్డ పక్కన పెట్టాడు. "అయితే నా సంచిని కూడా వదిలేస్తుంది," అన్నాడు.

వదిన మిషన్ మీద నుంచి కాలు తీసేసింది. ఇన్నేళ్ళలో ఆయన నోట ఆ సంచి మాట రావడం అదే మొదలు.

"పైన చిన్నపిల్లల స్వెటర్లు ఉన్నాయి. కింద దుప్పటి. ఉన్నిదే, పాతది. మడతలో చెయ్యి పెట్టి నొక్కాను. ఉన్నిని నొక్కి వదిలితే లేస్తుంది. అది లేవలేదు." అరచెయ్యి బల్ల మీద పెట్టి నొక్కి, తీసి చూపించాడు. "దుప్పటి లోపల పరిచి కుట్టేశారు చిట్టీ. నా చేతికి తెలిసింది."

"తెలిసిందా?" అంది ఆవిడ.

"తెలిసింది. వెనక జనం తోసుకుంటున్నారు. రైలు టైమైపోయింది. సంచి తెచ్చిన మనిషికి కాలు బాగోలేదు, కుంటుతున్నాడు. పాత దుప్పటి కదా, ఉతికి ఉతికి గట్టిపడి ఉంటుందిలే అనుకున్నాను. అనుకుని సంచి మూసి, పాపం మోయలేడని నేనే పట్టుకెళ్ళి హాల్లో బల్ల కింద పెట్టి వచ్చాను."

పక్కన పెట్టిన గుడ్డని మళ్ళీ తీసుకుని, కుట్టకుండా మడత పెట్టాడు.

"ఎవరున్నా కనిపెట్టలేరని మీరంతా అంటారు. నువ్వు మొదట అన్నావు. నేను కనిపెట్టాను. కనిపెట్టి వదిలేశాను. మీరు ఆ మాట అన్నాక ఇంక నేనేం చెప్పను, ఎవరికి చెప్పను?"

వదిన లేచి వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది. ఇన్నేళ్ళూ ఓదారుస్తున్నామనుకుని తామంతా కలిసి ఆయన నోరు నొక్కేశారు. అందులో మొదటి చెయ్యి చెల్లెలిగా తనదే. పైగా ఆయన ఏ తప్పు చేశాడో సరిగ్గా ఆ తప్పే, దుప్పటేలే పోనిమ్మనడం, తను కూర్చోబెట్టి యంత్రానికి నేర్పించి వచ్చింది. దానికి అందరూ మెచ్చుకుంటే మురిసిపోయింది కూడా.

మర్నాడు పెద్దాయనకి దాచకుండా అంతా చెప్పింది. ఆయన మధ్యలో అడ్డు రాలేదు. "కుట్టి చూద్దాం," అన్నాడు. ఉత్తుత్తి మందుని పలచగా పరిచి దుప్పటి పొరల మధ్య కుట్టిచ్చింది వదినే. పైన స్వెటర్లు పెట్టి సంచిని బీరువాలోకి పంపారు. పచ్చదీపం వెలిగింది. సంచి తిప్పిపెట్టారు, మళ్ళీ పచ్చదీపమే. పెద్దాయన కుర్చీ లాక్కుని కూర్చుండిపోయాడు.

తేదీ దగ్గర పడింది, మీనమేషాలు లెక్కపెడుతూ కూర్చుంటే ఎలాగ అన్నారు లెక్కలవాళ్ళు. ఏ యంత్రమైనా వందలో ఒకటీ అరా వదలక తప్పదు, ఒప్పందంలోనూ అంతేగా ఉంది అన్నారు. వాళ్ళు అన్నది అబద్ధమేమీ కాదు.

"నిజమే," అన్నాడు పెద్దాయన. "కానీ ఈ ఒక్కటీ మనకి తెలిసిన సంచి. తెలిసి వదిలేద్దామా?"

తేదీ వాయిదా పడింది. దానికి పైవాళ్ళ దగ్గర చివాట్లు తిన్నది పెద్దాయనే, ఆ సంగతి ఆయన బయటికి చెప్పుకోలేదు.

దారి కూడా ఆయనే చూపించాడు. ఒక్క నత్రజనినే అడిగితే లాభం లేదు, హైడ్రోజన్‌ని కూడా అడగాలి. ఉన్నిలో రెండూ ఉంటాయి, ఒకదానికొకటి ఇంత అని పాళ్ళు ఉంటాయి. మందు కలిస్తే ఆ పాళ్ళు తప్పుతాయి, ఎంత పలచగా పరిచినా తప్పుతాయి. అయితే ఆ చిన్న తేడా పట్టాలంటే ఇప్పుడున్న స్ఫటికాలు చాలవు. ఇంకా పెద్దవి, ఇంకా తేటవి కావాలి. అంటే భారమంతా మళ్ళీ పొడిగది మీదే పడింది.

ఆ పని ఆవిడని పిండి పిప్పి చేసింది. పెద్ద స్ఫటికం మొండిది. గది వేడి కాస్త మారితే నిలువునా పగులుతుంది. ఒకటి దాదాపు పూర్తయ్యాక, డబ్బాలో బిగిస్తుంటే చేతిలోనే టిక్కుమని బీట వేసింది. ఆవిడ దాన్ని పక్కన పెట్టి ఇంకోటి తీసింది. పెదవి కొరుక్కుంటూ, ఊపిరి కూడా ఆచితూచి తీసుకుంటూ, పొద్దస్తమానం అద్దినట్టు రుద్దేది. గోడ మీద ముల్లు కదల్లేదు. టీ గ్లాసు పట్టుకుని గుమ్మం బయట నిలబడి పెద్దాయన అప్పుడప్పుడూ తొంగిచూసి వెళ్ళేవాడు.

కొత్త స్ఫటికాలు బీరువాలో ఎక్కాక ఆవిడ అన్నయ్యని పిలిచింది. రానంటాడనుకుంది. ఆయన చొక్కా మార్చుకుని చెప్పులు వేసుకున్నాడు. ప్రయోగశాల గేటు దగ్గర కాపలా మనిషి తడిమి చూస్తుంటే చేతులు రెండూ పక్కకి చాపి బుద్ధిగా నిలబడ్డాడు. తడమడం అయ్యాక ఆ మనిషితో, "మడతల్లో కూడా చూడు బాబూ," అన్నాడు మెల్లగా.

బల్ల మీద ఖాళీ సంచి, వదిన కుట్టిన దుప్పటి, స్వెటర్లు పెట్టి ఉన్నాయి. అన్నయ్య వాటి ముందు చాలాసేపు నిలబడ్డాడు. సాయం చేద్దామని ఆవిడ ముందుకి రాబోతే పెద్దాయన వద్దని కళ్ళతోనే సైగ చేశాడు. అన్నయ్య దుప్పటి తీశాడు. తను చూసినట్టే మడత పెట్టాడు, తను చూసినట్టే స్వెటర్లు పైన సర్దాడు. జిప్పు లాగాడు. తలుపు మూశారు. అందరూ గోడ వెనక్కి వెళ్ళారు.

ఎర్రదీపం వెలిగింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అన్నయ్య ఆ దీపం వంకే చూస్తూ ఉండిపోయాడు.

"దొరికేదన్నమాట," అన్నాడు.

పాత మాటే ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది. ఇన్నేళ్ళుగా అలవాటైన మాట. అది యంత్రం కాబట్టి పట్టింది, నీ చోట ఎవరున్నా కనిపెట్టలేరు అనే మాట. దాన్ని మింగేసింది.

"దొరికేదే అన్నయ్యా," అంది.

ఆయన చెల్లెలి మొహంలోకి చూశాడు. తల ఊపాడు. ఆ ఊపడంలో తేలికేమీ లేదు గానీ, ఎదురుగా ఉన్న మనిషి తనతో నిజం మాట్లాడుతోందన్న నమ్మకం ఉంది. యంత్రం ఆగి, తలుపు తియ్యవచ్చని చెప్పాక ఆయనే ముందు వెళ్ళాడు. జిప్పు తెరిచి, స్వెటర్ల కింద చెయ్యి పెట్టి, దుప్పటిని అరచేత్తో నొక్కి వదిలాడు.

"చూడండి సార్," అన్నాడు పెద్దాయనతో. "లేవడం లేదు. ఇది చేతికి తెలుస్తుంది. దీపంతో పాటు గేటు దగ్గర ఉండేవాళ్ళకి ఇది కూడా నేర్పించండి."

"మీరే నేర్పాలి. వస్తారా?" అన్నాడు పెద్దాయన.

అన్నయ్య సంచి మూసి, పిడి పట్టుకుని, బీరువాలో నుంచి ఎత్తి భుజానికి తగిలించుకున్నాడు.

"ఇదెక్కడ పెట్టమంటావు చిట్టీ?" అన్నాడు.

ఆవిడ ఆ మూలనున్న బల్ల చూపించింది. ఆయన మోసుకెళ్ళి బల్ల మీద జాగ్రత్తగా దించుతుంటే చూస్తూ నిలబడింది.

ఇంకా ఒక స్ఫటికం మెరుగు పెట్టాల్సింది మిగిలే ఉంది. ఆవిడ నడవా దాటి పొడిగది గుమ్మం దాకా వెళ్ళింది. తలుపు మీద చెయ్యి వేసి, చాలాసేపు అలాగే ఉండి, చెయ్యి తీసేసింది. బయట ఎండలో ఉన్న బెంచీ మీదకి వెళ్ళి కూర్చుంది. ఆ రోజు ఆవిడ లోపలికి వెళ్ళలేదు.